పెన్సిల్‌తో రాసిన పేజీ

పెన్నుతో రాయను.
సిరా నీళ్ళకి లొంగిపోతుంది, పెన్సిలు లొంగదు.
హుద్‌హుద్ మర్నాడు తెలిసింది నాకీ సంగతి
ఫిషింగ్ హార్బర్‌లో, రేకులు లేచిపోయిన మా సొసైటీ ఆఫీసులో,
మడమల్లోతు నీళ్ళలో
రిజిస్టర్లు నీలం కక్కుతున్నప్పుడు.

అందుకే ఈ ఆదివారం
తలుపేసి, ఫ్యాను ఆపి,
సర్వర్ పక్కపలక విప్పి
నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాను.
నాలుగు మరల్లో ఒకటి రాలేదు. తుప్పు.
ఈ ఊరి గాలి ఉప్పు నంజుకుని ఇనుము తింటుంది.
రాశాను: ఎడమ కింది మర రాదు, బలవంతం చెయ్యకండి.

మదర్‌బోర్డు పేరు. దాని కింద చీమంత అక్షరాల్లో రివిజన్,
టార్చి నోట కరుచుకుని చదివాను.
ర్యామ్: ఎనిమిది జీబీవి రెండు, ఒకటో గూట్లో, మూడో గూట్లో.
రెండో గూడు చచ్చింది,
అందులో పెడితే మూడు కూతలు కూసి ఊరుకుంటుంది.
పవర్ సప్లై ద్వారకానగర్‌లో కొన్నది, బిల్లు ఇదే కవర్లో.
బయాస్ వెర్షన్. రెయిడ్ కార్డు మోడల్.
ఎర్ర కేబులు ఎక్కడిది, నల్ల కేబులు ఎక్కడిది.

ఇక డిస్కులు.
ఇక్కడ చెయ్యి నెమ్మదించింది.

అప్పుడు పెట్టె పోయింది గానీ నాలుగు డిస్కులూ బతికాయి.
తువ్వాల్లో చుట్టి బస్సులో హైదరాబాదు పట్టుకెళ్ళాను, పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని.
"ఏది ముందు, ఏది తర్వాత?" అన్నాడక్కడి కుర్రాడు.
తెలీదు. హడావుడిలో లాగి సంచిలో వేశాను.
"స్ట్రైప్ సైజు?"
తెలీదు.
ఆరొందల పద్నాలుగు పడవలు, డీజిల్ బాకీలు,
పోయినవాళ్ళ నామినీల పేర్లు,
అన్నీ ఉన్నాయి, అందులోనే ఉన్నాయి, చదవడానికి లేవు.
ప్రయత్నించొచ్చని కుర్రాడొక అంకె చెప్పాడు.
ఆ అంకెకి కొత్త తెప్పలు రెండొస్తాయి.

తిరిగొచ్చేసరికి గరికిన ఎల్లాజీ
ఇసకలో ఎక్కడెక్కడో తేలిన దుంగలు ఏరుకొచ్చి
తెప్ప మళ్ళీ కట్టేస్తున్నాడు.
ప్రతి దుంగ పొట్ట మీదా ఉలి గాట్లు:
ఒకటి, రెండు, మూడు, అడ్డంగా ఒకటి.
"మా అయ్య ఎట్టినాడమ్మా.
సముద్రం ఇప్పీసినా మనమే కట్టుకోవాల గదా" అని
తాడు పళ్ళతో బిగించాడు.
నేను ఇంజనీరింగ్ డిప్లొమా దానిని. తలొంచుకుని వచ్చేశాను.

ఇప్పుడు నాలుగు డిస్కుల నుదుట
ఎర్ర నెయిల్ పాలిష్ గాట్లు.
పేజీలోనూ అవే గాట్లు, పక్కన సీరియల్ నంబర్లు,
రెండుసార్లు చదివి, ఒకసారి వెనకనుంచి చదివి.

ఒక కాపీ రొయ్యల ప్యాకింగు కవర్లో, కొవ్వొత్తితో మూతి అంటించి, బీరువాలో.
ఒకటి సింహాచలం కొండ దిగువన అక్క ఇంట్లో, బియ్యం డబ్బాలో.
అక్కకి ఇంకా చెప్పలేదు.

చివరి గడి: అత్యవసరమైతే ఎవరిని పిలవాలి.
ఫోన్ నంబరు రాసి కొట్టేశాను.
అప్పుడు ఎన్నాళ్ళు మోగాయని ఫోన్లు?
రాశాను: కోడ దానేశ్వరి, జాలారిపేట, మూడో సందు,
కుళాయి ఎదురిల్లు, ఆకుపచ్చ తలుపు.
తలుపు లేకపోతే గట్టిగా పిలవండి.

మూడు మరలు బిగించి స్విచ్చేశాను.
ఒక్క కూత.
అదీ రాశాను.