కోయని పేజీలు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
మా బైండింగ్ షాపుకి
ఉక్కునగరం నుంచి గోనెసంచిలో వచ్చాయి
తెలుగులోకి దిగిన రష్యన్ నవలలు.
రెండు రూపాయల డెబ్భై అయిదు పైసల నాటివి.
ఉప్పుగాలికి అన్నిటికీ వెన్ను విరిగింది.

ఒకదాంట్లో ఒకావిడ చనిపోతుంది.
ఏ పేజీలోనో చదవక్కర్లేదు,
వేళ్ళ మరకలకి నల్లబడిపోయింది ఆ కాగితం.
మంచు కరుగుతున్న నది, ఆవిడ ఒక్కర్తీ.
అంచున పెన్సిళ్ళ పంచాయితీ:
ప్రేమ విఫలం, అని ఒకరు.
పొగరు, బిడ్డయినా గుర్తు రాలేదా, అని ఇంకొకరు.
ఎర్ర ఇంకుతో గుండ్రటి చేతిరాత
సమాజమే చంపింది అంటుంది, కింద రెండు గీతలు.
నైట్ షిఫ్ట్ దిగొచ్చి చదివిన ఫోర్‌మన్లో, టీచరమ్మలో.
తీర్పు చెప్పి
గడువు తేదీలోపే పుస్తకం తిరిగిచ్చేశారు.

నా చదువు ఎనిమిదో తరగతి.
పుస్తకాలు నాకు చేతులతోనే తెలుసు.
పాత దారం తెంపి ఫారాలు విడదీస్తుంటే
ఏడో ఫారం దగ్గర వేలు ఆగింది.
దాని మడత ఎవరూ కోయనే లేదు.
మాస్కో ప్రెస్సులో ముడుచుకున్నది
ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాగే ఉండిపోయింది,
అందరి చేతుల్లోంచీ వెళ్ళి వస్తూ.

కోశాను.
లోపల పెద్ద సంగతేం లేదు.
పేరంటం లాంటిదేదో. సమోవార్ చుట్టూ ఆడవాళ్ళు,
ఎవరి టోపీకో ఎంతైందని మాటలు.
మధ్యలో ఆవిడ అంటుంది,
నెల రోజులుగా నాకు నిద్ర లేదు, అని.
ఆడపడుచు చక్కెర ముక్క అందిస్తుంది.
మాట మళ్ళీ టోపీ మీదకి పోతుంది.

ఇదే కారణం అని నేననను.
ఒక్క గెడ్డ నీళ్ళకే ఏరు పొంగదు.
కానీ ఇన్నేళ్ళూ ఇంతమంది
చివరి పేజీని పట్టుకుని నిలదీశారు,
పాపం దానికేం తెలుసు.

గీతలు చెరపమన్నాడు లైబ్రరీ ఆయన.
చెరపలేదు. జిగురు ఆరేదాకా
ఏడో ఫారం ఒళ్ళోనే ఉంచుకున్నాను.

హార్బరులో ఓడ కూసింది.
మూల కూచుని కాగితాలు మడుస్తున్న నరసాయమ్మ
తలెత్తకుండానే అంది,
"ఏటోనప్పా, ఈ మద్దె నిద్దరట్టడం నేదు."

ఎండలు కదే, అనబోయాను.
నాలుక చివరిదాకా వచ్చేసింది
ఆ చక్కెర ముక్క.

సూది బల్లకి గుచ్చి
స్టూలు దగ్గరికి లాక్కున్నాను.
"ఎన్నాళ్ళ నుంచే?"