ఏడో వరస

స్ఫాక్స్ రేవు మీద ఇంకా తెల్లారలేదు.
మూడో అంతస్తులో నేను, ఇంక్యుబేటరు,
తొంభై ఆరు గుంటల ప్లాస్టిక్ పలక.

గుంటల్లో ఎలుక కణాలు.
ఎప్పుడో చచ్చిపోయిన ఎలుకవి,
ఇంకా కాపలా కాస్తున్నాయి,
ఏ ఒంటినో వాటికే తెలియదు.

నిన్న సాయంత్రం వాటికి దొంగను చూపించాను.
దొంగ కూడా కాదు, విప్పి పారేసిన చొక్కా:
సూక్ష్మజీవి పైపొర, చిటికెడులో చిటికెడు.
అంతే, కాళ్ళు చాచి, ఒళ్ళు ఉబ్బించి
ఊరంతా లేచేలా కేకలు.
ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటారే,
ఇక్కడ ఎలుకే ఆ పని చేస్తోంది.

మొదటి వరసకు ఏమీ ఇవ్వలేదు.
రెండో వరస నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ
జర్జీస్ నుంచి అమ్మ పంపిన ఆలివ్ నూనెలోంచి
నేను తీసిన చేదు.

కొత్త నూనె. గానుగ దగ్గరే
ఒక గుక్క మింగి, దగ్గి, కళ్ళు తుడుచుకుని
"గొంతు కొరికితేనే నూనె" అంటుంది అమ్మ.
కొరకనిదాన్ని సబ్బుకు పంపేస్తుంది.

కొరికేదేమిటో నాకు తెలుసు, బొమ్మ గీయగలను.
కణం లోపల గంట తాడు లాగేవాడి
మణికట్టు మెల్లగా పట్టుకుంటుందట.
అట అని ఎందుకన్నానంటే
నేను చూసేది రంగు ఒక్కటే.

పై నీళ్ళు వేరే పలకలోకి తీసి
పరీక్షమందు చుక్క చుక్కగా వేశాను.
కోపం ఎంతో గులాబీ అంత.
మొదటి వరస దానిమ్మ గింజలు.
రెండోదీ దానిమ్మే.
మూడు, నాలుగు, ఏమో, నా కళ్ళను నేను నమ్మను.
ఐదో వరస దగ్గర రంగు జంకింది.
ఏడోది వెలిసిన ఓణీ.
ఎనిమిదోది ఉత్త నీళ్ళు.

ఉత్త నీళ్ళంటే నాకు భయం.
చచ్చినవాడూ కేకలు వేయడు.

మైక్రోస్కోపు కింద పెట్టాను.
ఏడులో ఉన్నాయి, కాళ్ళు ముడుచుకుని, గుండ్రంగా,
జీతమందిన కాపలావాళ్ళలా.
ఎనిమిదిలో పెంకులు.
పుస్తకంలో ఎనిమిదిని కొట్టేశాను.

ఫోను. అమ్మ.
"వసీలా, నీ ఎలుకలకు తగ్గిందా?"
ఒక వరసలో, అన్నాను.
"మరి నా మోకాలికి?"
పలక నుంచి మోకాలికి దూరం
జర్జీస్ కంటే ఎక్కువమ్మా, ఇంకా లెక్కపెట్టలేదు ఎవరూ.

నవ్వబోయి దగ్గింది.
"పొద్దున్నే ఒక చెంచా మింగాలే," అంది,
"కొరికింది."