ఎత్తని చీటీ

చిత్తూరులో బెల్లం మండీకి పోయే దోవలో
మందుల షాపు మీద రేకుల గది, మా ల్యాబు.
ఆరున్నరకే షట్టరెత్తుతాను.
లారీలోంచి దించే దిమ్మల వాసన
నాకంటే ముందే మెట్లెక్కి ఉంటుంది.
ఈ వాసనలో కూచునే
ఇరవై ఏళ్ళుగా ఊరి చక్కెర కొలుస్తున్నాను.

రెడ్డెమ్మ పరగడుపున వచ్చింది.
కువైటు నించి దిగి మూడు దినాలు,
సెలవు నలభై.
"జబ్బులన్నీ రాసుకొచ్చినా మేడం,
మరిచిపోతానని."

పాల లెక్క మాదిరి రాసుంది:
పన్ను, రంజానుకు ముందు నించి.
కుడి మోకాలు, పోయిన ఎండాకాలం.
రేయి నాలుగుసార్లు లేవడం, తేదీ తెలీదు.
కళ్ళ ముందర దోమలు, మొన్నమొన్నే.
చివరి వరుస పెన్నుతో కొట్టేసుంది.

"ఆడ ఆస్పత్రి లేదా?"
పన్నున్న పక్క చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఎందుకు లేదు, అద్దాల మేడ.
కార్డు గూడా ఉండాది.
పేరుకు ఒక కఫీలు, పని నాలుగిళ్ళల్లో,
అకామా దుడ్లూ నావే, ఇన్సూరెన్సూ నాదే.
ఈ తూరి రెండింతలు చేసినారు.
కట్టకపోతే అకామా లేదు,
అకామా లేకపోతే మనిషే లేదు.
కట్టినాక గూడా డాక్టరు కాడ చిల్లర వేరే,
మందుకు వేరే, పంటికి చెల్లదంట.
పోయిన పూట కూలి ఎవురిస్తారు?

చీటీ అనుకో మేడం.
తప్పకుండా కడతాం,
పాట దినం మాత్రం లోపలికి రానీరు."

రబ్బరు పట్టీ బిగించాను.
పిడికిలి పట్టమన్నాను.
నరం దొరకలేదు.
నాలుగిళ్ళ బాత్రూములు కడిగిన చెయ్యి,
వేళ్ళ సందులు తెల్లగా పాసి ఉన్నాయి.
రెండోసారి గుచ్చితే వచ్చింది,
నల్లగా, నిదానంగా,
పిలిస్తే పలకాలా వద్దా అని ఆలోచించే మనిషి మాదిరి.

మా అమ్మ బియ్యం డబ్బాలో నోట్లు దాచేది.
ఈమె రెండేళ్ళు నొప్పులు దాచింది.
ఒక్కోదాన్నీ బుజ్జగించి,
ఉండు, ఊరికి పోయినాక చూపిస్తా అని
ఏసీ మోతలో జోకొట్టింది.
పన్ను విన్నది. మోకాలు విన్నది.
చక్కెర వినే రకం కాదు.

మధ్యాహ్నం మెషీను చూపిన అంకెను నమ్మక
ఇంకోసారి వేసి చూశాను.
అదే అంకె.
కింద హమాలీ ఎవరో దిమ్మ జారవిడిచినట్టున్నాడు,
తిట్లు వినపడ్డాయి,
తర్వాత ఈగలు.

రిపోర్టిస్తూ అడిగాను, "ఆ కొట్టేసిందేంది?"
"అదా. స్కానింగంట, తిరపతికి పోవాలంట.
పన్ను పీకించేదానికి, కంటద్దాలకు, మాత్రలకు,
ఆటికే లెక్క సరిపాయె.
దానికి నొప్పి లేదులే మేడం.
నొప్పి లేనిది నిలబడతాది,
వచ్చే సెలవుకు చూస్తా."
ఆ మాటతో పాటే ఎడం చెయ్యి
పైట కింద ఒకచోట ఆగి, దిగింది.

బిల్లులో నూటయాభై కొట్టేశాను,
ఓనరుకు చెప్పలేదు.
ఆమె కాయితాన్ని రెండుమార్లు చూసింది.
"తగ్గించినారా?
ఈ రెండేళ్ళల్లో తగ్గిందని నేను విన్నది ఇదొక్కటే."

తిరుపతి పెద్దాసుపత్రిలో తెలిసిన సిస్టరుంది.
ఆమె నంబరు రాశాను,
కొట్టేసిన వరుసకు ఎదురుగా,
గీత కింద అక్షరాలు చదవకుండా ఉండలేకపోయాను.

చూసింది. ఏమీ అనలేదు.
కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి
రవికలో దోపుకుంది, ఎడం పక్కనే.

బస్టాండు దిక్కు పోయింది.
తిరుపతి బస్సులు ఒక పక్క నిలబడతాయి,
వాళ్ళ ఊరి బస్సు ఇంకో పక్క.
మా మెట్ల మీద నించి చూస్తే
బస్టాండు కనపడదు.