ఆశీలు లేని ఓడ

శనివారం, మధ్యాహ్నం రెండు దాటింది.
కృష్ణపట్నం రేవులో
అల్కియోని అనే ఓడ కడుపు నింపుకొని నిలబడుంది.
కడుపులో చీమకుర్తి నల్లరాళ్ళు,
రాళ్ళలో చుక్కలు.
పోటు రాత్రి పదింటికి.
కాగితం మాత్రం ఇంకా నెల్లూరులోనే,
జిలానీ సారు బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద.

పదకొండేళ్ళుగా నా పని ఇదే,
ఓడ వచ్చేలోపు అది ఎవరిదో తేల్చడం.
జెండా ఒక దేశానిది,
కెప్టెన్ ఇంకో దేశం వాడు,
వంటవాడిది మూడో దేశం.
యజమాని మాత్రం
ఏ ఊళ్ళో కూర్చుని నిర్ణయాలు తీసుకుంటే
ఆ ఊరి వాడని కాగితం చెబుతుంది.
ఆ కుర్చీకి కూడా ఒక సర్టిఫికెట్ జతచేశాను.

ఇక్కడ సరుకెత్తుకున్న పరాయి ఓడ
కిరాయిలో నూటికి ఏడున్నర లాభమని లెక్కగట్టి
దాని మీద పన్ను కట్టి కదలాలి.
లేదంటే, ఆ దేశానికీ మనకీ మాటుంది,
మీ ఓడని మేం అడగం, మా ఓడని మీరు అడగొద్దు,
అని సారు సంతకం పెట్టాలి.
ఎనిమిదో అధికరణం.
నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను.
నా జీతానికి కోతపడే సెక్షన్ నంబరు మాత్రం
ప్రతి మార్చిలోనూ వెతుక్కుంటాను.

సారు మూడున్నరకి చదివారు.
నాలుగింటికి మళ్ళీ చదివారు.
"పోయినేడు కూడా కుర్చీ ఆ ఊళ్ళోనేనా?"
"అక్కడే సార్."
నేను ఆ కుర్చీని ఎరగను, ఆ ఊరినీ ఎరగను.
ముద్ర పడ్డప్పుడు టీ గ్లాసు కదిలింది.

ముత్తుకూరు సెంటర్లో బండి ఆపాను.
చెంగమ్మ గంపలో నాలుగు మాగ చేపలు మిగిలాయి.
"ఏందబ్బయా, ఆ కవరు బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?"
చెప్పాను. ఓడ, పన్ను, మాట.
"అంత ఓడకి ఆశీలు లేదా!
నా గంపకుండాదే."
"ఊరికే కాదు చెంగమ్మా,
మన ఓడ వాళ్ళ రేవుకి పోతే వాళ్ళూ అడగరు."
"ఎన్ని పొయ్యాయి?"

పదకొండేళ్ళ ఫైళ్ళు మనసులో తిరగేశాను.
అన్నీ వచ్చినవే.
పోయేవి నా ఫైలు కాదు.
"తెలీదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. చేపని తోక పట్టి తిరగేసింది.
"మా కుప్పానికీ ఏటవతల కుప్పానికీ ఇట్నే మాటుండేది.
దరికి లాగిన పడవని ఎవురూ కట్టుబడి అడక్కూడదని.
తుపానుకి మా పడవలన్నీ పొయ్యాయి ఒక ఏడు.
వాళ్ళు వస్తానే ఉన్నారు.
మేం పొయ్యేదానికేముంది, తెడ్లు గూడా లేవు.
కుర్రోళ్ళు ఎగిరినారు, ఇంకా మాటేందని.
పడవల్ని లెక్కేసుకోని ఇచ్చిన మాట కాదురా అన్నాడు మా పెద్దకాపు."
"తర్వాత?"
"తర్వాతేముంది. మూడేళ్ళకి రెండు పడవలొచ్చినాయి.
పొయినాం. వాళ్ళు అడగలా."
కాసేపాగి,
"ఒకడు అడిగినాడులే. వాడి పేరెందుకు ఇప్పుడు."

బొడ్లోంచి చీటీ తీసి చాపింది.
"సదువుకున్నోడివి, ఎంతని ఉండాదో చూడు."
ఇరవై.
"ముప్పై తీసకపొయినాడు పాటదారు మనిషి."
చీటీని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ దోపుకుంది,
రేపు చూపించడానికో
చూపించకపోవడానికో.

నాకు మాగ చేప తూచి
పది రూపాయలు ఎక్కువ చెప్పింది.
నేను అడగలేదు.

పోర్టు గేటు దగ్గర
కవరు చూసి సెల్యూట్ కొట్టారు,
సంచీ చూసి ఆపారు.
లోపలికి చేప పోకూడదట.

పదింటికి ఓడ కదిలింది,
లోపలి చుక్కలతో, పైన చుక్కల కింద,
ఎవరికీ ఏమీ బాకీ లేకుండా.

పదిన్నరకి చేప కోసం గేటుకొచ్చాను.
ఐసు కరిగి సంచీ కింద చిన్న మడుగు,
అంచున కాపలా కాస్తున్న
పోర్టు పిల్లి.