కర్త లేని వాక్యం

స్విండన్‌లో నా వంటింటి బల్ల మీద ఒక ఫోను.
ప్రెస్టన్‌ క్లినిక్కులో స్పీకర్లో ఇంకో ఫోను.
మధ్యలో నేను, దుబాసీని.
పేరు లేదు, నంబరుంది.
అన్నది అనాలి. కలపకూడదు, తియ్యకూడదు.
ఎవరు "నేను" అంటే నేనూ "నేను" అనాలి.

ఇరవయ్యారో వారమట.
ఇంతకు ముందు మూడుసార్లూ దుబాసీ ఎందుకన్నాడట ఆయన,
ఆమె మాటలన్నీ తానే చెప్పాడట.
ఇవాళ మిడ్‌వైఫ్ మోరీన్, మహా మామూలుగా,
పార్కింగు టైమైపోతుందేమో చూసిరమ్మంది.
తలుపు పడిన చప్పుడు నాకూ వినిపించింది.

"ఇంట్లో సేఫ్‌గా ఉన్నారా?"
దీన్నేం చెయ్యను?
క్షేమమా అంటే అది ఉత్తరాల మాట,
ఎవరైనా క్షేమమనే రాస్తారు.
"ఇంట్లో భయమేస్తుందా అమ్మా?" అన్నాను.
కలిపాను. ఒప్పుకుంటున్నా.

చాలాసేపు ఆ మెషీను చప్పుడే,
లోపలెవరో గబగబా బట్టలుతుకుతున్నట్టు
ఒక బుల్లి గుండె.
తర్వాత, "దెబ్బ తగిలింది."

ఎంత మర్యాద మన భాషకి!
దెబ్బ తగులుతుంది. చెయ్యి జారుతుంది.
కోపం వస్తుంది, చెంప కందుతుంది.
ఎవరూ ఏమీ చెయ్యరు,
వాన పడ్డట్టు అన్నీ వాటంతటవే.
ఇంగ్లీషులోకీ అలాగే దాటించాను,
కర్తని ఒడ్డునే వదిలేసి.

మోరీన్ ఆగి, "ఎవరు?" అంది.
"ఎవరు?" అన్నాను.

"ఏప్రిల్లో వేర్‌హౌస్ పని పోయింది.
నా వీసా ఆయన వీసాకి కట్టేసుంది.
ఇప్పుడే వద్దనుకున్నాం, నేనే మాత్ర మర్చిపోయానట.
ముందూ ఉండేది, భుజం మీద.
నీళ్ళోసుకున్నాక... ఇక్కడ."
ఇక్కడంటే ఎక్కడో ఫోనులో కనపడదు.
మోరీన్ ఊపిరి ఆగింది. అదే నాకు అనువాదం.

"ఆయన కొడతారు," అంది.
కాసేపటికి, దిద్దుకున్నట్టు,
"వాడు. వాడు కొడతాడు."

ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం నడిచిందో
ఇంగ్లీషుకి తెలీదు.
దానికి ఇద్దరూ ఒక్కడే.
నా వంటింట్లో, నా గొంతుతో,
"అతను నన్ను కొడతాడు" అన్నాను ఇంగ్లీషులో.
పక్కగదిలో టీవీ చప్పుడు తగ్గింది.

అప్పుడే అక్కడ తలుపు తెరుచుకుంది.
మోరీన్ గొంతు మారలేదు:
ఐరన్ మాత్రలు నారింజరసంతో వేసుకోవాలి.
మంగళవారం ఇంకో పరీక్ష,
తల్లి ఒక్కతే లోపలికి.

అదీ చెప్పాను, ఒక్క మాట కలపకుండా.