చిగుళ్ళకు తెలిసిన సంగతి

మూడేళ్ళ కిందటి జ్వరం పోతూ పోతూ
ఎవుస్తాకియో ముక్కుని వెంట తీసుకుపోయింది.
కాఫీ మాడినా తెలీదు,
వానకి ముందు మట్టి లేచినా తెలీదు.
నలభై ఏళ్ళు పీపాల మధ్య బతికిన మనిషి
ఇప్పుడు వైట్ వైన్ నోట్లో పోసుకుని
"చల్లగా ఉంది" అంటాడు.
నీళ్ళ గురించీ అదే అంటాడు.

కనెలోనెస్‌లో ఏప్రిల్ అంటే చలి మొదలు.
కోత అయిపోయింది. తీగల మీద మిగిలిన ఆకులు
తుప్పు రంగుకి తిరిగాయి.
నది వైపు నుంచి గాలి
గిడ్డంగి రేకుల్ని ఎత్తి చూసి పోతోంది.
మేనకోడలు గ్రసియెలా పశువుల డాక్టరు.
దూడని బయటికి లాగిన చేతులు మోచేతి దాకా కడుక్కుని
ఆదివారాలు ఇక్కడికి వస్తుంది,
ఆయనకి ముక్కు అరువివ్వడానికి.

పీపాలోంచి గాజు గొట్టంతో తీశారు తన్నాత్‌ని.
ఎరుపు అనడానికి లేదు.
బల్బుకి అడ్డం పెడితే అంచు మాత్రం
నేరేడు తిన్న పిల్లాడి నాలుక,
నడుమ అంతా చీకటి.
గ్లాసు తిప్పితే గోడ పట్టుకుని
తీరిగ్గా దిగుతుంది.

ఆమె వాసన చూసి చెబుతుంది:
ఎండు ప్లమ్. పొగ.
కొత్త చెప్పుల దుకాణం.
ఎవరో లవంగం కొరికి వెళ్ళిపోయిన గది.
చూపు ఆననివాడు ఉత్తరం చదివించుకున్నట్టు
ఆయన ప్రతి మాటకీ తల ఊపుతాడు.

తర్వాత తన వంతు.
గుటక వెయ్యడు, నమలుతాడు.
అప్పుడు చూడాలి ఆ మొహం!
బుగ్గలు లోపలికి పోయి,
నాలుక అంగిట్లో రాసుకుని,
పళ్ళ మొదళ్ళని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు.
ఈ ద్రాక్షకి ముక్కుతో పని లేదు,
తాకడంతోనే దీని వ్యవహారం.
పలకరించి చెయ్యి వదలని బంధువు.

"తొందరపడకు," అన్నాడు నాతో.
"మొదటి గుక్క నోరు తోముకోడానికి.
రెండోదాన్ని తాగు."

వాళ్ళ మాటలో అది ఆస్పెరో, గరుకు.
గరుకు గోడకీ ఉంటుంది, గడ్డానికీ ఉంటుంది.
మూల స్టూలు మీద కూర్చున్న అతిథిని,
నా నోట్లో మాత్రం వేరే మాట ఊరింది:
వగరు.
ఆరు రుచుల పంక్తిలో చివరి విస్తరి దానిది.
మామిడి పిందెలో, పచ్చి వక్కలో, కరక్కాయలో
తలదాచుకుంటుంది.
ఇంకొంచెం వడ్డించమని ఎవరూ అడగరు.
ఇక్కడేమో దానికోసం ఇల్లే కట్టారు.
ఓడల్లో కర్రలు తెచ్చి నాటారట బాస్క్ తాతలు,
మనవల నోళ్ళు బిగుసుకోవాలని.

ఏడో పీపా దగ్గర గ్రసియెలా ఆగింది.
గ్లాసు దించి, మళ్ళీ ఎత్తి,
"ప్లమ్," అంది. "దేవదారు."
ఆ రెంటి మధ్యా ఒక చిన్న ఖాళీ.
నాకూ తగిలింది అక్కడ
తడిసిన గుర్రం, పాత జీను గుడ్డ.
పీపా చెడింది.

ఆయన నమిలాడు. చాలాసేపు.
"పట్టు బాగుంది," అన్నాడు.
ఆపైన మూలనున్న బకెట్లో ఉమ్మి,
"గుర్రాన్నెందుకు దాచావ్?"
"ఎలా తెలిసింది?"
"అబద్ధానికి ముందు నువ్వు ఊపిరి పీలుస్తావు.
చెవులు పోలేదు కదా నాకు."
సుద్ద తీసి పీపా మీద అడ్డగీత గీశాడు.
చెయ్యి వణికిందేమో, గీత వంకర పోయింది.

రాత్రి నిప్పుల మీద గొర్రె పక్కటెముకలు.
కొవ్వు కరిగి బొగ్గుల మీద చిటపటమంది.
ఒక ముక్క, ఒక గుక్క.
పొద్దున్నుంచీ పట్టుకున్న చెయ్యి
మెల్లగా వదిలింది నోటిని.
ఎవుస్తాకియో గ్లాసు మీదికి వంగి
గట్టిగా పీల్చాడు, అలవాటు చొప్పున.
అలాగే కాసేపు ఉండిపోయాడు.
గ్రసియెలా చూడనట్టు
ఎముకని ఒలుచుకుంటోంది.
తర్వాత, అడక్కుండానే,
"పొగ," అంది. "రోజ్‌మేరీ.
నీ స్వెటర్‌లో కలరా ఉండలు."

నవ్వాడు.
పళ్ళు నల్లగా ఉన్నాయి.
మా అందరివీ.