అక్షరానికి నూటయాభై

అగ్రిమెంటు మీద సంతకాలైపోయాయి.
మూడు మిషన్లు, ఒక ఇస్త్రీబల్ల,
తల లేని బొమ్మకి తొడిగిన తెల్ల యూనిఫాం,
నలభయ్యేళ్ళ కొలతల పుస్తకాలు
అన్నీ నావే.
పేరొక్కటే తేలలేదు.

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద
ఉప్పుగాలి తినగా మిగిలిన రేకు బోర్డు:
రంగూన్ టైలర్స్.
దీర్ఘం ఎప్పుడో రాలిపోయి
రంగున్ అయి కూర్చుంది.

పెయింటర్ ఎల్లాజీ నిచ్చెన భుజాన్నుంచి దించకుండానే
"ఏటి రాయమంటావక్కా? అక్షరానికి నూటయాభై" అన్నాడు.
వేళ్ళ మీద లెక్కేశాను.
వరహాలు టైలర్స్ అంటే ఒక్క అక్షరం ఎక్కువ.
రంగూన్ కంటే
నూటయాభై రూపాయలు ఎక్కువదాన్ని నేను.

మా అమ్మాయి ఏదో స్టూడియో అని పెట్టమంది.
మరిది ఇంగ్లీషులో ఇంకో ఏ తగిలిస్తే కలిసొస్తుందన్నాడు.
పదమూడేళ్ళు ఇదే కొట్లో, వెనకబల్ల మీద
కాజాలు కుట్టాను,
నేవీ కుర్రాళ్ళ గుండెల మీద పేర్లు కుట్టాను.
థామస్, మహాపాత్రో, బి. యాదవ్.
ఇంగ్లీషు అక్షరాలు ఆ దారంతోనే నేర్చుకున్నాను.
నా పేరు కుట్టే పని ఎప్పుడూ పడలేదు.

బస్సులో కండక్టరు ఇప్పటికీ
సింధియా, సింధియా అని అరుస్తాడు.
ఆ కంపెనీ చేతులు మారింది మా అమ్మ పుట్టకముందు.
దిగేవాళ్ళు దిగుతూనే ఉన్నారు.

మొన్నొక రిటైరైన చీఫ్ వచ్చి
గుడ్డ బల్ల మీద పెట్టి "పాత కొలతే" అన్నాడు.
పుస్తకం తీస్తే తొంభై ఎనిమిది, నడుం ముప్ఫై రెండు.
సరేనన్నాను.
టేపు తియ్యకుండా
ఐదంగుళాలు కలిపి కత్తిరించాను.

ఆ వారమే ఓడ దిగిన కుర్రాడొకడు నవ్వుతూ
"ఆంటీ, మీ రంగూన్ చూసొచ్చాను.
అక్కడిప్పుడు ఆ పేరే లేదు, యాంగోన్ అంటున్నారు."
ఊరే మార్చేసుకుంటే
కొట్టుకెందుకీ పట్టుదల?

చివరికి కంచరపాలెం వెళ్ళాను, సన్నిబాబు మాస్టారింటికి.
కంటి ఆపరేషనై, నల్లద్దాలు పెట్టుకుని
అరుగు మీద వేరుశనక్కాయలు వలుస్తున్నాడు.
"మీ నాన్నగారు రంగూన్లో నేర్చిన పని కదా,
ఆ పేరు తీసేస్తే మీరేమనుకుంటారో అని..."

నవ్వితే తొక్కలు ఒళ్ళోంచి రాలాయి.
"మా నాన్న చీపురుపల్లి దాటలేదే!
ఎనభై రెండులో నేనూ కొన్నదే ఆ కొట్టు.
రంగూన్నించొచ్చినాయన వేరు.
అమ్మేసి, కత్తెర మాత్రం చంకనెట్టుకెళిపోయేడు.
అప్పుడు బోర్డు మార్చడానికి డబ్బుల్లేవు.
డబ్బులొచ్చేసరికి,
ఎవరేనా మీది రంగూనా అనడిగితే
ఊఁ అనడం అలవాటైపోనాది.
అనీ అనీ, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే
అక్కడి నది అగుపిస్తాది."

కోపం రావాలి. రాలేదు.
పదమూడేళ్ళు నేనూ అందరికీ చెప్పాను,
మా మాస్టారిది రంగూన్ చెయ్యి అని.
చెయ్యి మాత్రం అబద్ధం కాదు.
కాలరు తిప్పి చూడండి.

మర్నాడు ఎల్లాజీతో అన్నాను,
ఆ దీర్ఘం ఒక్కటీ పెట్టెయ్, ఎంత?
"దీర్ఘానికి డబ్బులేటక్కా, టీ ఇప్పించు."
కింద మూలన కొంచెం చోటు వదలమన్నాను.
ఎందుకో వాడూ అడగలేదు,
నాకూ ఇంకా తెలీదు.

తడి పెయింటు వాసన లోపలికి కొడుతోంది.
కొత్తగా పెళ్ళైన జంట, కేరళ వాళ్ళేమో,
ఆయన చేతులు చాచి నిలబడ్డాడు కొలతకి,
ఆవిడ బోర్డు వైపు చూసి
వచ్చీరాని తెలుగులో అడిగింది,
"మీవాళ్ళు రంగూన్ నుంచి వచ్చారా?"

నోటినిండా గుండుసూదులున్నాయి.